ఒక టక్కు ఔను, రెండు టక్కులు కాదు

మాదాపూర్ అద్దాల భవనాల్లో హెడ్‌ఫోన్లు తగిలించుకొని పనిచేసే పిల్లలకు ఒక మాట చెప్పాలి. ఆ రోడ్డు మీద హెడ్‌ఫోను పెట్టుకొని మొదట కూర్చున్నది మేము. గొప్ప కోసం చెప్పడం లేదు, వరుస తప్పకూడదని చెప్తున్నాను. మీ భవనాలు లేవకముందే అక్కడ మా టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉండేది. అందులో టెస్ట్ డెస్క్ అనే బల్ల దగ్గర నా ఉద్యోగం.

ఎవరి ఫోనైనా మూగబోతే మేము ఆ లైనును మా బల్ల మీదికి తీసుకొని మీటరు చూసేవాళ్లం. తప్పు ఇంట్లో ఉందా, స్తంభం మీద ఉందా, భూమిలో కేబుల్లో ఉందా తేల్చి చెప్పేవాళ్లం. లైన్‌మన్ అక్కడికి పోయి, తన చేతి ఫోను వైరుకు తగిలించి, మాతో మాట్లాడుతూ సరిచేసేవాడు. ఆ చేతి ఫోన్లు చాలా పాతవి. తరచుగా మా మాట అతనికి వినబడేది, అతని మాట మాకు వచ్చేది కాదు. అప్పుడు అతను వైరు కొసలు ఒకసారి తాకించి తీస్తే నా చెవిలో ‘టక్’ మనేది. ఒక టక్కు ఔను, రెండు టక్కులు కాదు. ఈ పద్ధతి ఏ శిక్షణలోనూ చెప్పరు. ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు.

దీనికి ఒకటే నియమం. ప్రశ్న సరిగ్గా అడగాలి. “ఎక్కడున్నావు?” అనకూడదు, “స్తంభం దగ్గరున్నావా?” అనాలి. “ఏమైంది?” అనకూడదు, “వైరు తెగిందా?” అనాలి. కొత్తగా చేరిన అమ్మాయిలకు ఈ పాఠం చెప్పేది నేనే. తప్పు ప్రశ్న అడిగితే వేళ్లమీద స్కేలుతో కొట్టేంత పని చేసేదాన్ని.

1998లో, వానలు తగ్గిన తర్వాత, మా ఆయనకు గొంతులో గడ్డ అని తేలింది. క్యాన్సరే.

మా ఆయన చాలా మంచివాడు అని మొదలుపెట్టను. అలా మొదలైన జ్ఞాపకాలను నేను నమ్మను. ఆయన హైస్కూల్లో డ్రిల్ మాస్టరు. గ్రౌండు ఈ చివర నిలబడి కేక వేస్తే గోడవతల ఇడ్లీ బండి మనిషి కూడా గరిటె ఆపేవాడు. ఇంట్లోనూ అదే గొంతు. నీళ్ల బిందె ఎక్కడ ఉండాలి, చెప్పులు ఎటు చూడాలి, అన్నీ ఆజ్ఞలే. మాది కర్నూలు వైపు. మా ఇద్దరికీ ఈ ఊరికి బదిలీ దొరికి హఫీజ్‌పేటలో ఒక పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. మా ఇంటి ఫోను చూడ్డానికి వచ్చిన మా ఎక్స్ఛేంజి పెద్ద లైన్‌మన్‌ను మొదటిరోజే గుమ్మంలో ఆపి, “ఇది మీ డిపార్టుమెంటు కాదప్పా, నా ఇల్లు. కాళ్లు కడుక్కొని రా” అన్నాడు. లైన్‌మన్ కాళ్లు కడుక్కున్నాడు. ఆయన చూసి, “మడమలు మిగిలిపోయినాయి” అన్నాడు.

దవాఖానలో కోత అక్కర్లేదు, కరెంటు పెడితే చాలు అన్నారు. రేడియేషన్‌ను అందరూ అలాగే అనేవారు. వారానికి అయిదు రోజులు, ఆరు వారాల పైన. మధ్యలో మానకూడదని డాక్టరు మరీ మరీ చెప్పారు. “ఆపితే గడ్డ మళ్లీ లేస్తుందమ్మా. అప్పుడు గొంతు మొత్తం తీసేయాల్సి వస్తుంది. అది కూడా అదృష్టం బాగుంటేనే.” ఇంకొక ఆజ్ఞ కూడా ఇచ్చారు. పూర్తయ్యేదాకా మాట్లాడకూడదు. గుసగుసలాడడం అసలే కూడదు.

ఆ మాట విని మా ఆయన చివరగా నాతో అన్నది ఇది: “సంతోషమేనా? ఇంక ఇంట్లో నువ్వొకదానివే మాట్లాడొచ్చు.”

సంతోషించేంత తీరిక దొరకలేదు. నోరు లేని మా ఆయన నోరున్నప్పటి కంటే కష్టం. పలక తెచ్చి ఇచ్చాను. దాన్ని వంటింటి తలుపు కింద సందుకు అడ్డం పెట్టాడు, బొద్దింకలు రాకుండా. డ్రిల్లులో చేసే చేతి సైగలు చేసేవాడు. నాకు అవి రావు. “ఏం కావాలి?” అనేదాన్ని. చెయ్యి గిర్రున తిప్పేవాడు. “ఏం కావాలండీ, సరిగ్గా చెప్పండి” అనేదాన్ని. స్టీలు పళ్లెం తీసి గోడకు కొట్టేవాడు. మెడ మీద చర్మం కమిలింది, గంజి కూడా దిగడం లేదు, దానికి తోడు ఈ గొడవ. తోడుగా వెళ్లడానికి ఊరినుంచి వచ్చిన మరిది, తువ్వాలు మడతపెట్టే పద్ధతి మీద అన్నతో తగాదా పడి రెండు వారాలకే వెళ్లిపోయాడు. తగాదాలో ఒకరికి మాట లేదు, అయినా గెలిచింది ఆయనే.

ఆ తర్వాత నేను పూట సెలవులు పెట్టి తీసుకెళ్లేదాన్ని. మధ్యాహ్నం వచ్చి బల్ల దగ్గర కూర్చునేదాన్ని. అలా ఒక మధ్యాహ్నం పెద్ద లైన్‌మన్ కొత్తగూడ వైపు ఒక స్తంభం మీదనుంచి లైను మీదికి వచ్చాడు. అతని మాట రావడం లేదు. నా ధ్యాస ఇంటి దగ్గర ఉంది.

“ఏమైంది?” అన్నాను.

జవాబు లేదు.

“ఎక్కడ తెగిందో చెప్పవయ్యా.”

చెవిలో టకటకటకటక మని ఒక వాన. కోపం వాన. నేనూ విసుక్కున్నాను. “అట్లా కొడితే నాకేం తెలుస్తుంది? ఏం కావాలి నీకు?”

పక్క కుర్చీలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి, నేను పాఠం చెప్పినదే, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. “మూగవాణ్ణి హరికథ చెప్పమన్నట్టుందండీ అక్కయ్యగారూ. నన్నయితే స్కేలు పెట్టి కొట్టేవారు.”

నాకు నవ్వు రాలేదు. గోడకు తగిలిన పళ్లెం చప్పుడు వినబడింది. సరిగ్గా అదే వాన.

ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఆయన ఎదుట కూర్చొని, కొత్త అమ్మాయిలకు చెప్పినట్టే చెప్పాను. ఒక టక్కు ఔను. రెండు టక్కులు కాదు. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నన్ను నీ లైన్‌మన్‌ను చేస్తావా అని ఆ చూపు. నేను పట్టించుకోకుండా మొదలుపెట్టాను.

“దాహమా?”

కుర్చీ చేతిమీద గోటితో రెండు.

“గంజి వేడిగా ఉందా?”

రెండు.

“గంజిలో పలుకులున్నాయా?”

ఒకటి. చాలా గట్టిగా.

ఇన్ని రోజులుగా పళ్లెం గోడకు తగులుతున్నది ఆ పలుకుల వల్ల. గంజిని పలుచటి బట్టలో వడకట్టి ఇచ్చాను. దిగింది. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఫోను చేస్తాననీ, రిసీవరు మీద గోటితో కొట్టమనీ చెప్పాను. మొదటి రోజు రిసీవరు తీసి పక్కన పడేశాడు. మరునాడు ఎత్తాడు. ఆ తర్వాత నేను ఫోను చేయడం ఆలస్యమైతే ఎత్తగానే మూడు కొట్టేవాడు. మూడు అంటే ఏమిటో మేం అనుకోలేదు. నాకు అర్థమైంది. తిట్టు.

ఇంతలో కొత్త గుండ్రటి భవనానికి లైన్లు ఇచ్చే పని మీద పడింది. కంప్యూటర్ కంపెనీలు దిగబోతున్నాయి, పెద్దవాళ్లు వస్తున్నారు, తారీఖు కదలదు. కొత్త కేబుల్లో ఒక్కొక్క జత వైరూ మా బల్ల మీద పరీక్షించి పాస్ చేయాలి. మా ఇంజినీరు చిన్నవాడు, ముప్పై దాటలేదు, నిద్రలేక కళ్లు ఎర్రగా ఉండేవి. “మేడం, ఈ వారం మీ కుర్చీ ఖాళీగా ఉండకూడదు” అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు. ఆ వారం మా ఆయన బస్సెక్కి ఒక్కడే దవాఖానకు పోయి వచ్చాడు. సాయంత్రం అడిగితే ఒకటి కొట్టేవాడు. పోయాను అని.

లైన్లు కలిపే రోజు ఉదయం ఆయన స్నానం చేసి, చొక్కా పై బొత్తం దాకా పెట్టుకొని, బూట్లు తుడుచుకొని, కుర్చీలో కూర్చున్నాడు. బస్సు వేళ అయింది. లేవలేదు.

“పోవడం లేదా?”

ఒకటి.

“ఈరోజు ఒక్కటేనా?”

రెండు.

ఇంకా రెండు వారాల కరెంటు మిగిలి ఉంది. డాక్టరు మాట గుర్తు చేశాను. అరిచాను. ఏడ్చాను కూడా. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇక నా బస్సు వేళ కూడా దాటిపోతుంటే గంజి చేతికి అందేచోట పెట్టి బయలుదేరాను. నేను పోయి ఉండకూడదని కొందరు అంటారు. ఇంట్లో ఉంటే మళ్లీ అరిచేదాన్ని, అంతే. దవాఖానలో మిషను నాలుగింటికి ఆపేస్తారు. అప్పటిదాకా నాకు వేళ ఉంది అనుకొని పోయాను.

బల్ల దగ్గర ఊపిరి సలపని పని. పదకొండు దాటాక కేబుల్ పనివాళ్లు జతలు మార్చుకోవడానికి కొంచెం ఆగారు. పెద్ద లైన్‌మన్ వైరు చుట్ట కోసం వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. నేను ఇంటికి లైను కలిపాను. ఆయన ఎత్తాడు. ఈసారి అరవకూడదు, ఈసారి పాడైన లైను అనుకోవాలి అని నాకు నేను చెప్పుకున్నాను. తప్పు ఎక్కడుందో ఒక్కొక్క స్తంభం చూసుకుంటూ పోవాలి.

“నొప్పి ఎక్కువైందా?”

రెండు.

“భయమా?”

కొంచెం ఆగి, రెండు.

“నా మీద కోపమా?”

ఒకటి. వెంటనే. పక్క కుర్చీ అమ్మాయి కిసుక్కుమంది. నా హెడ్‌ఫోనులో ఆ టక్కు అంత గట్టిగా మోగింది.

“పోకపోవడం దానివల్లేనా?”

రెండు.

“దవాఖానలో ఏమన్నా జరిగిందా?”

లైను బాగానే ఉంది, ఊపిరి వినబడుతోంది. తర్వాత ఒకటి.

“డాక్టరా?” రెండు. “నర్సమ్మా?” రెండు. “మిషను మనిషా?” రెండు. ఇంకెవరు మిగిలారు? వరండాలో నిలబడి పేర్లు పిలిచే అటెండరు. “పేర్లు పిలిచే అతనా?”

ఒకటి.

“మీ పేరు పిలిచాడా?”

ఒకటి.

అప్పుడు తెలిసింది. నేను తోడు వెళ్లినప్పుడు పేరు పిలిస్తే “ఇక్కడ” అని పలికేది నేను. అతను కాగితం నుంచి తల ఎత్తడు. పలికితే టిక్కు, పలకకపోతే తర్వాతి పేరు. ఈ వారం పలకడానికి నేను లేను.

“చెయ్యెత్తారు. అతను చూడలేదు.”

ఒకటి.

“తర్వాత దగ్గరికి పోతే కసిరాడా?”

ఒకటి.

“ఆబ్సెంట్ అన్నాడా?”

మెల్లగా, ఒకటి.

ముప్పై ఏళ్లు గ్రౌండులో హాజరు పిలిచిన మనిషి. పలకని పిల్లవాణ్ణి ఎండలో నిలబెట్టిన మనిషి.

“నిన్న కరెంటు పెట్టించుకోలేదు.”

ఒకటి.

“మొన్న?”

రెండు. మొన్నటిదాకా పెట్టించుకున్నాడు, ఎత్తిన చెయ్యి పక్కవాళ్లు ఎవరో చూసి చెప్పి ఉంటారు. పోయింది ఒక్క రోజే. నేను బల్ల మీద రెండు చేతులూ ఆనించి ఊపిరి వదిలాను.

వెనకనుంచి పెద్ద లైన్‌మన్ అన్నాడు: “అమ్మా, నేను పోత. సార్ పేరుకు నేను పలుకుత.”

“ఈరోజా? నీ పని?”

“గా పని ఎవలన్న చేస్తరు. సార్‌ది ఆగదు గద.”

“ఆయన నీతో ఎట్లా ఉన్నాడో మరిచిపోయినావా?”

“మరిచేదేంది? ఇయ్యాల మడమలు సుత కడుక్కుంట, ఫికర్ చెయ్యకు.”

కానీ అతన్ని పంపాల్సింది ఇంజినీరు. ఆయన మా గొడవ విని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రోజు ఇంజినీరు దగ్గరున్న పనిమంతుల్లో మొదటివాడు పెద్ద లైన్‌మన్. ఆయన గోడమీది గడియారం చూశాడు. కాదంటాడనే అనుకున్నాను. కాదన్నా నేను తప్పు పట్టగలిగేదాన్ని కాదు.

“దేనిమీద పోతావు?” అని లైన్‌మన్‌ను అడిగాడు.

“మోపెడ్ ఉంది సార్.”

“మెడ కాలి ఉన్న మనిషిని మోపెడ్ మీద కూర్చోబెడతావా? జీపు తీసుకుపో.”

ఎక్స్ఛేంజికి ఉన్నది ఒకటే జీపు. ఆ మధ్యాహ్నమంతా కేబుల్ సామాను తోపుడు బండి మీద వెళ్లిందని నాకు తర్వాత తెలిసింది. బండి తోసినవాళ్లలో ఇంజినీరు కూడా ఉన్నాడు.

నేను మళ్లీ లైను మీదికి వెళ్లి చెప్పాను. “పెద్ద లైన్‌మన్ వస్తున్నాడు. మీ బదులు అతను పలుకుతాడు. పోతారా?”

నేను ఆగాను. తొందరపెట్టకుండా ఆగడం ఆయన విషయంలో నాకు కొత్త.

ఒకటి.

ఆ మధ్యాహ్నం నేను పాస్ చేసిన జతల్లో ఒక్కటి కూడా తర్వాత తిరిగి రాలేదు. ఎట్లా చేశానో నాకు తెలియదు. నాలుగు కొట్టడానికి కొంచెం ముందు దవాఖాన ఎదుటి ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోను వచ్చింది.

“అయిపోయిందమ్మా. కరెంటు పెట్టిండ్రు.”

“గొడవేమన్నా అయిందా?”

“జరంత అయింది. పేరు పిలిచిండు. నేను ‘హాజర్’ అన్న. ‘నువ్వు పేషెంటు కాదు గదా, నువ్వెవలు?’ అన్నడు. ‘సార్ నోరును’ అన్న. అందరు నన్నే చూసిండ్రు. ‘గొంతు బీమారోళ్లను పలకమంటే ఎట్ల పలుకుతరు సాబ్?’ అన్న. గాయన ఏమన్నడు తెలుసా? ‘పొద్దుగాలకెల్లి ఒర్రి ఒర్రి నా గొంతు సుత పోయింది, నన్ను గుడ లైన్ల కూసోబెట్టు’ అన్నడు. ఇగ సార్ ఒకటే నవ్వుడు. సప్పుడు లేదు గని, కడుపు పట్టుకొని నవ్విండు.”

“నవ్వాడా?”

“ఒట్టు. అన్నట్టు, జీపుల నన్ను సక్కగ కూసోమని వీపుల పొడుస్తున్నడు.”

అంటే బాగానే ఉన్నాడు.

పోయిన ఒక్క రోజును చివర కలిపి పెడతామని డాక్టరు చెప్పారు. లైన్‌మన్ ఇంకొక రోజు కూడా తన ఆఫు వదులుకొని వెళ్లాడు. ఆపైన అవసరం రాలేదు. మా ఆయన ఆ వరండాలో గొంతు రోగులందరినీ గోడవారన ఒక వరుసలో కూర్చోబెట్టాడట, సైగలతోనే. పేరు పిలిస్తే కుడిచెయ్యి నిటారుగా లేవాలి, మోచెయ్యి వంగకూడదు. అటెండరుకు తల ఎత్తి చూసే అలవాటు చేశాడు. చివరి వారం నేను తోడు వెళ్లినప్పుడు చూశాను. ఒక పెద్దావిడ చెయ్యి వంకరగా ఎత్తిందని ఈయన లేచి వెళ్లి సరిచేస్తున్నాడు. ఆవిడ తన చెయ్యి విదిలించుకొని ఈయన చెయ్యి మీద ఒకటి వేసింది. నేను వరండా చివర నిలబడి ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

కరెంటు పూర్తయింది. గడ్డ కరిగింది. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, చాలామందితో తగాదా పడ్డాడు. నాతో అందరికంటే ఎక్కువ. ఈ మధ్య రోగి సేవ గురించి రాసేవాళ్లు ఓర్పు గురించి రాస్తుంటారు. నాకు ఓర్పు ఎప్పుడూ లేదు. నాకు ఉన్నది ఒక ఉద్యోగం, ఆ ఉద్యోగం నేర్పిన ఒక పద్ధతి, తోపుడు బండి తోసిన ఒక ఇంజినీరు, పలికిన ఒక లైన్‌మన్, సమయానికి నవ్విన ఒక అమ్మాయి. వీళ్లలో ఎవరికీ నేను థాంక్స్ చెప్పలేదు. మా రోజుల్లో ఆ మాట వాడకం తక్కువ. చెప్తే వాళ్లే కంగారు పడేవాళ్లు.

ఒకటి మిగిలింది. కరెంటు ఆపిన కొన్ని వారాలకు డాక్టరు రోజుకు నాలుగైదు మాటలకు అనుమతి ఇచ్చారు. ఒక మధ్యాహ్నం బల్ల దగ్గర పని లేక ఇంటికి లైను కలిపాను. మాటలు పొదుపు చేయాలని ఫోనులో ఇంకా టక్కులే.

“మజ్జిగ తాగారా?”

ఒకటి.

“వడకట్టుకున్నారా?”

ఒకటి.

ఎందుకు అడిగానో తెలియదు, అడిగాను. “నేను మిమ్మల్ని బాగా చూసుకున్నానా?”

ఏమీ రాలేదు. మీటరు చూశాను. లైనులో తప్పు లేదు. ఇంకా ఆగాను. ఆయన రిసీవరు పెట్టేశాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను చెప్పులు విప్పేదాకా కూడా ఆగలేదు. గరకు కాగితం రుద్దినట్టుంది ఆ కొత్త గొంతు.

“ఏమే, అది ఔను, కాదు అని కొట్టేటి మాటనా? కూచో.”

కూర్చున్నాను. ఆ రోజు మాటలు అప్పటికే అయిపోయాయి. అయినా ఆయన ఇంకొక కుర్చీ లాక్కొని నా ఎదుట కూర్చొని, పెళ్లినాటి నుంచి మొదలుపెట్టాడు. దీపాలు పెట్టే వేళ అయింది. డాక్టరు మాట నాకు గుర్తు ఉంది. నేను ఆపలేదు.